గాలి కాలుష్యం మీద పోస్ట్‌డాక్: నల్గొండ, పాలమూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీ అయిపోవస్తున్నోళ్లు, అయిపోయి ఏం చెయ్యాల్నో తోచక గెస్ట్ ఫ్యాకల్టీగ గంటల లెక్కన పాఠాలు చెప్తున్నోళ్లు, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ చేసి రీసెర్చ్ దిక్కు చూస్తున్నోళ్లు, ఎక్కువగ ఈ ముగ్గురి నుంచే ప్రశ్నలు వస్తున్నయి. మళ్లీ మళ్లీ అవే అడుగుతున్నరు కాబట్టి అన్నీ ఒక్క కాడ పెడుతున్న. కొన్నిటికి జవాబు పొడుగుంటది, కొన్నిటికి రెండు ముక్కలే.

పోస్ట్‌డాక్ అంటే ఉద్యోగమా, చదువా?

రెండూ కాదు, రెండూ అవును. పీహెచ్‌డీ అయినంక చేసే పరిశోధన పని ఇది, డిగ్రీ రాదు, పరీక్ష ఉండదు, నెలనెలా జీతం లెక్క ఫెలోషిప్ వస్తది, ఒక సీనియర్ సైంటిస్ట్ దగ్గర ఉండి ఒకటి నుంచి మూడేండ్లు సొంత ప్రాజెక్ట్ నడుపుతరు. పీహెచ్‌డీల గైడ్ చెప్పింది చేసిన్రు, ఇక్కడ ప్రశ్న మీదే ఉండాలె. ఇంట్ల వాళ్లకు చెప్పాలంటే "కాంట్రాక్ట్ సైంటిస్ట్ ఉద్యోగం" అని చెప్పున్రి, అబద్ధమేం కాదు.

హెల్త్, ఎకాలజీ రెండూ ఒక్కరే చెయ్యాల్నా?

అవసరం లేదు. ఈ ఫీల్డ్‌ల మామూలుగ మూడు దారులు ఉంటయి. గాలిల ఏముంది, ఎంతుంది, ఎవరికి ఎంత తగుల్తుంది అని కొలిచేది ఒకటి, దాన్ని ఎక్స్‌పోజర్ సైన్స్ అంటరు. అది మనిషి ఒంట్ల ఏం చేస్తుంది అనేది రెండోది, బీపీ, గుండె, ఊపిరితిత్తులు, పుట్టిన పిల్లల బరువు ఇట్లాంటివి. మూడోది చెట్లు, పంటలు, మట్టి, నీళ్లు, తేనెటీగలు, అడవి మీద ఏం పడుతుంది అనేది. మీరు ఒక దాంట్ల గట్టిగ ఉండి రెండో దాన్ని అర్థం చేసుకునేంత ఉంటే చాలు. కానీ మొదటిది తెల్వకుండ మిగతా రెండూ కుదరవు, ఎందుకంటే ఎంత తగిలిందో తెల్వనప్పుడు దానివల్ల ఏమైందో చెప్పలేరు.

నాది బాటనీ, నాది కెమిస్ట్రీ, నాది ఎంబీబీఎస్ ఎండీ... నాకు అర్హత ఉందా?

ఉంది. గాలి కాలుష్యం అని డిగ్రీ మీద రాసి ఉండాల్సిన పన్లేదు. కెమిస్ట్రీ వాళ్లకు ఫిల్టర్ మీద పడ్డ దుమ్ముల ఏ లోహం ఎంతుందో తీసుడు వస్తది, బాటనీ వాళ్లకు ఆకు చదువుడు వస్తది, స్టాటిస్టిక్స్ వాళ్ల కోసమైతే అందరూ ఎదురుచూస్తుంటరు. మన దేశంల రీసెర్చ్ అసోసియేట్ పోస్టులకు పీహెచ్‌డీతో పాటు ఎండీ, ఎంఎస్, ఎండీఎస్ కూడా సమానంగనే లెక్కేస్తరు, ఈ సంగతి చాలామంది డాక్టర్లకు తెల్వదు. కమ్యూనిటీ మెడిసిన్, పల్మనాలజీ చేసినోళ్లు ఈ దిక్కు వస్తే మంచిదని నేనైతే గట్టిగ అనుకుంటున్న.

హైదరాబాద్, ఢిల్లీ అంటే సరే, మన నల్గొండ, మహబూబ్‌నగర్‌ల రీసెర్చ్ చేసేంత కాలుష్యం ఏముంది?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువ మనోళ్లే అడుగుతరు, అందుకే దీనికి జవాబు జర పొడుగ్గ చెప్తున్న.

మొట్టమొదట, 2019 జనవరిల కేంద్రం నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు గాలి ప్రమాణాలు దాటిన ఊర్ల లిస్టుల తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్గొండ పేరు ఉంది. అంటే సర్కారే ఒప్పుకున్న మాట ఇది. మన దేశం పెట్టుకున్న లిమిట్ ఏందంటే పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు సన్న దుమ్ము, ఏడాది సగటు క్యూబిక్ మీటర్‌కి 60 మైక్రోగ్రాములు, పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు ఇంకా సన్నది అయితే 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల చెప్పింది మాత్రం పీఎం 2.5కి 5. ఈ 40కి, 5కి మధ్యల బతికే ఊర్లే మన దగ్గర ఎక్కువ, అక్కడ ఒంటికి ఏమైతుందో అనేదే సైన్స్‌కి కావాల్సిన ప్రశ్న. ఢిల్లీ మీద చేసిన పని ఇక్కడికి అట్లనే అతికియ్యరాదు, ఎందుకంటే పొగ వేరు, దుమ్ము వేరు, తిండి వేరు, ఎండ వేరు.

ఇంక జిల్లా లోపలికి వస్తే, మిర్యాలగూడల ఉప్పుడు బియ్యం మిల్లులు వరుసగ ఉంటయి, బాయిలర్లల ఊక కాలుస్తరు, ఆ నల్ల బూడిద డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతదని అక్కడ ఏ ఇంట్ల అడిగినా చెప్తరు. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి దిక్కు, అక్కడినుంచి మట్టంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలు. దామరచర్ల మండలం వీర్లపాలెం కాడ యాదాద్రి థర్మల్ ప్లాంట్, 800 మెగావాట్లవి 5 యూనిట్లు, మొత్తం 4000 మెగావాట్లు. చౌటుప్పల్, పోలేపల్లి దిక్కు మందుల కంపెనీలు, రాత్రిపూట వచ్చే ఆ ఘాటు వాసన. ఎన్‌హెచ్ 65 మీద విజయవాడ లారీలు, ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరు లారీలు. కంకర క్రషర్లు. యాసంగి కోతలు అయినంక వరికొయ్యలు తగలబెట్టుడు, ఎండాకాలం పత్తికట్టె కాల్చుడు. ఇవన్నీ దాటి కిందికి పోతే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, నల్లమల, అంటే గాలి మంచిగున్న కాడ పోల్చి చూసుకునే చోటు కూడా మన దగ్గరనే ఉంది.

యాదాద్రి ప్లాంట్ సంగతి మళ్లీ చెప్పాలె. ఒక పెద్ద పొగగొట్టం మొదలయ్యే ముందు, మొదలైనంక అని రెండు కాలాలు పోల్చే అవకాశం ఎప్పుడో గాని రాదు. ముందు కాలం లెక్క తీసిపెట్టుకోకపోతే తర్వాత ఎవరొచ్చినా ఏం చెప్పలేరు. పాత సాటిలైట్ డేటా ఉంది కాబట్టి కొంత వెనక్కి పోయి చూడొచ్చు, గాలి వరకు అది పనికొస్తది, కానీ మనుషుల ఊపిరి లెక్క, ఆకుల లెక్క సాటిలైట్‌ల దొరకదు.

మన దిక్కు ఇప్పటికే చేసిన స్టడీలు ఏమన్న ఉన్నయా?

ఉన్నయి, తప్పకుండ చదవాల్సింది చాయ్ అనే ప్రాజెక్ట్. బార్సిలోనాల ఉన్న ఐఎస్‌గ్లోబల్ అనే సంస్థ, మన తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, ఇంకొందరు కలిసి హైదరాబాద్ చుట్టుపక్కల 28 ఊర్లల చేసిన్రు. వీళ్లు కొత్తగ జనాన్ని వెతుక్కోలేదు, 1987 నుంచి 1990 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు తిండి పెట్టి చేసిన పాత పోషకాహార ట్రయల్ ఒకటుంది, దాంట్ల నుంచి పెరిగి వచ్చిన గ్రూప్ మీదనే గాలి లెక్క కట్టిన్రు. 2020ల జామా నెట్‌వర్క్ ఓపెన్‌ల వచ్చిన పేపర్ చూడున్రి, 3,717 మంది, వాళ్లకు తగిలే పీఎం 2.5 సగటు 32.8, కాలుష్యం ఎక్కువున్న కాడ ఎముకల ఖనిజం తక్కువ కనిపించింది. అంటే 40 అనే మన దేశపు లిమిట్ లోపలనే ఉండి కూడా.

అట్లనే ల్యాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌ల వచ్చిన లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిల మన దేశంల 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణం. ఆ లెక్కల రాష్ట్రం వారీగ అంకెలు ఉన్నయి గని జిల్లా వారీగ, మండలం వారీగ లేవు. ఆ ఖాళీలనే మీ పని ఉంది.

మన దగ్గర గాలి డేటా దొరుకుతదా?

కొంత దొరుకుతది. మాన్యువల్ స్టేషన్ల పద్ధతి ఏందంటే వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రీడింగులు. ఏడాది సగటు చూసుకోవడానికి అది పనికొస్తది, కానీ ఫలానా రోజు దుమ్ము పెరిగితే ఫలానా రోజు ఆస్పత్రిల దమ్ము పేషెంట్లు పెరిగిన్రా అని చూడాలంటే చాలదు. అందుకే సాటిలైట్ నుంచి వచ్చే ఏరోసాల్ డేటా (గాలిల తేలే సన్న కణాల లెక్క), తక్కువ ఖర్చు సెన్సర్లు, రోడ్లు జనాభా పొలాల మ్యాపులు కలిపి మోడల్ కట్టుడు నేర్చుకోవాలె. తక్కువ ఖర్చు సెన్సర్ తేమ ఎక్కువుంటే తప్పు చూపిస్తది, వానాకాలంల మరీ ఎక్కువ, కాబట్టి మంచి మిషన్ పక్కన కొన్ని వారాలు పెట్టి సరిచెయ్యకుండ ఆ నంబర్లు పేపర్ల రాయొద్దు.

ఇక్కడ, అంటే తెలంగాణలనే ఉండి చెయ్యాలంటే ఎక్కడ అడగాలె?

ఆరోగ్యం దిక్కు అయితే తార్నాకల ఎన్ఐఎన్, హైదరాబాద్‌ల ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్, బీబీనగర్ ఎయిమ్స్. బీబీనగర్ మనకు ఎంత దగ్గరనో చెప్పక్కర్లేదు, నల్గొండ నుంచి పొద్దున పోయి రాత్రికి రావొచ్చు. గాలి కెమిస్ట్రీ అయితే ఐఐసీటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, కంది కాడ ఐఐటీ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్ల హైదరాబాద్ జోనల్ ల్యాబ్. సాటిలైట్ అయితే ఎన్ఆర్ఎస్‌సీ, వాళ్ల స్టేషన్ షాద్‌నగర్‌లనే ఉంది. పంటలు అయితే పటాన్‌చెరుల ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌ల మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ.

2007ల పెట్టిన నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, 2008ల పెట్టిన పాలమూరు యూనివర్సిటీ సంగతి చాలామంది అడుగుతరు. పెద్ద మిషన్లు అక్కడ తక్కువ. కానీ హోస్ట్‌గ ఒక పెద్ద ల్యాబ్‌ని పెట్టుకుని ఫీల్డ్ పార్ట్‌నర్‌గ ఈ యూనివర్సిటీలని, జిల్లా మెడికల్ కాలేజీలని కలుపుకుంటే ప్రపోజల్ బలపడుతది, అక్కడి ఎమ్మెస్సీ పిల్లలకు కూడా పని నేర్పినట్టు అయితది.

రాష్ట్రం బయట అయితే చెన్నై శ్రీ రామచంద్ర యూనివర్సిటీ మొదటి పేరు, వంటింటి పొగ మీద దేశంల అంత లోతుగ పనిచేసినోళ్లు తక్కువ. ఐఐటీ ఢిల్లీల క్లీన్ ఎయిర్ సెంటర్ సాటిలైట్ లెక్కలకు మంచిది.

ఫెలోషిప్పులు ఏవి, పైసలు ఎంత?

ప్రాజెక్టుల కింద రీసెర్చ్ అసోసియేట్‌గ పెట్టుకుంటే 2023ల కేంద్రం సవరించిన రేట్లు నెలకి 58,000, 61,000, 67,000, అనుభవాన్ని బట్టి మూడు మెట్లు, దాని మీద ఊరిని బట్టి హెచ్ఆర్ఏ. సొంతంగ అప్లై చేసుకునేదాంట్ల నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఒకటి, ముందు సెర్బ్ అనే కేంద్ర సంస్థ ఇచ్చేది, ఇప్పుడు అది ఏఎన్ఆర్ఎఫ్ అనే కొత్త సంస్థల కలిసిపోయింది. రెండేండ్లు ఉంటది, వయసు 35 లోపు, ఎస్సీ ఎస్టీ ఓబీసీ, ఆడవాళ్లు, దివ్యాంగులకు 5 ఏండ్లు సడలింపు, థీసిస్ సబ్మిట్ చేసి వైవా కోసం ఎదురుచూస్తున్నోళ్లు కూడా అప్లై చెయ్యొచ్చు. పీహెచ్‌డీ చేసిన కాడనే చేస్తనంటే ఒప్పుకోరు, వేరే సంస్థకు పోవాలె.

ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ అయితే 5 ఏండ్లు, నెలకి 1,25,000, పైన ఏడాదికి 7 లక్షల రీసెర్చ్ గ్రాంట్. పోటీ చాలా గట్టిది, మంచి పేపర్లు లేకుండ ఆశ పెట్టుకోవద్దు. హెల్త్ దిక్కు వాళ్లకు ఇండియా అలయెన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఉంది, దాని ఆఫీసు హైదరాబాద్‌లనే. ఐసీఎంఆర్, సీఎస్ఐఆర్, డీబీటీ లాంటి కేంద్ర సంస్థల నుంచి కూడా పిలుపులు వస్తుంటయి.

ఒక్కటి ముందే చెప్తున్న, ఫెలోషిప్ డబ్బులు కొన్నిసార్లు నెలలు ఆలస్యంగ పడతయి. ఇంటి కిరాయి, ఈఎంఐ ఉన్నోళ్లు నాలుగైదు నెలలకు సరిపడ చేతిల పెట్టుకుని చేరున్రి. ఈ మాట ఎవ్వరూ చెప్పరు, చేరినంక తెలుస్తది.

ఫారిన్ పోవాలంటే?

యూరప్‌కి మేరీ క్యూరీ ఫెలోషిప్, ఏటా పిలుస్తరు, గడువు మామూలుగ సెప్టెంబర్‌ల ఉంటది. పీహెచ్‌డీ వచ్చి 8 ఏండ్ల లోపు ఉండాలె, పోయే దేశంల గడిచిన 36 నెలల్ల 12 నెలల కంటే ఎక్కువ ఉండి ఉండొద్దు. బార్సిలోనా లాంటి చోట్లకు ఇది మంచి దారి, ఎందుకంటే వాళ్లకు తెలంగాణ ఊర్లు ముందే తెలుసు, మీరు మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పన్లేదు. జర్మనీకి హంబోల్ట్ ఫెలోషిప్. జపాన్‌కి జేఎస్‌పీఎస్, 12 నుంచి 24 నెలలు, అక్కడి ప్రొఫెసర్ ద్వారానే అప్లికేషన్ పోతది. అమెరికాకి ఫుల్‌బ్రైట్-నెహ్రూ, పీహెచ్‌డీ అయ్యి ఎక్కువ కాలం కాకముందే పెట్టాలె, అయిపోయినంక రెండేండ్లు మన దేశంల ఉండే రూల్ ఉంటది, అది తెల్సుకునే పోవాలె.

అమెరికా ఈపీఏల గాలి కాలుష్యం పోస్ట్‌డాక్‌లు చాలా కనిపిస్తున్నయి, మనం పెట్టొచ్చా?

ఈపీఏ అంటే వాళ్ల పర్యావరణ సంస్థ, నార్త్ కరోలినాల రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ కాడ పెద్ద ల్యాబ్‌లు ఉన్నయి, 2025ల ఆ రీసెర్చ్ విభాగాన్ని మూసేస్తున్నమని చెప్పేదాకా ఆరోగ్యం, ఎకాలజీ రెండూ ఒకే గొడుగు కింద చూసేటోళ్లు. ఆ ప్రకటనలు ఎక్కువగ ఓరైజ్ అనే ప్రోగ్రామ్ కింద వస్తయి. చాలా పోస్టులకు అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో అడుగుతరు, కాబట్టి అర్హత లైను మొదలు చదివి తర్వాతనే మిగతాది చదవున్రి, లేకపోతే వారం రోజుల కష్టం బూడిదల పోసిన పన్నీరే. అయినా ఆ ప్రకటనలు చదువుడు మానొద్దు, ఏ ప్రశ్నల మీద పని నడుస్తుందో, ఏ స్కిల్స్ అడుగుతున్నరో అక్కడ సాఫ్‌గ కనిపిస్తది. అట్లనే బోస్టన్‌ల హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్, 1980ల పెట్టిన్రు, దాని రిపోర్టులు ఫ్రీగ దొరుకుతయి, పద్ధతులు నేర్చుకోవడానికి అంత వివరంగ రాసినవి తక్కువ.

సార్లకు మెయిల్ ఎట్ల రాయాలె? పెడితే రిప్లై రాదు.

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని వందమందికి ఒక్కటే మెయిల్ పంపితే ఎట్ల వస్తది రిప్లై? ఆ సార్‌కో మేడంకో అట్లాంటివి రోజూ వస్తయి. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగ చదివి, దాంట్ల వాళ్లే "ఇది ఇంకా చూడాల్సి ఉంది" అని రాసుకున్న లైను పట్టుకుని, ఆ ప్రశ్నని మా జిల్లాల ఇట్ల చూడొచ్చు, నాకు ఈ పని వచ్చు, ఫలానా ఫెలోషిప్‌కి మీరు హోస్ట్‌గ ఉంటరా అని పది లైన్లల రాయున్రి. సీవీ రెండు పేజీలు. రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచెయ్యొచ్చు, అది తప్పేం కాదు. ఫెలోషిప్ గడువుకి నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలె, ఆఖరి వారంల ఎవ్వరూ సంతకం పెట్టరు.

ప్రపోజల్‌ల మన జిల్లాల సంగతి పెడితే బలమా, బలహీనతనా?

మంచిగ పెడితే అంతకు మించిన బలం లేదు. బయటోళ్లకు తెల్వనివి మీకు తెలుస్తయి, అవి తెల్వకపోతే స్టడీనే తప్పయితది. రెండు చెప్తా.

ఒకటి ఫ్లోరైడ్. ఎముకల మీద గాలి కాలుష్యం ఏం చేస్తుందని నల్గొండల చూస్తమంటే, మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు నీళ్ల ఫ్లోరైడ్ ఎముకలను ఎట్ల చేసిందో అందరికీ ఎర్కే. ఫ్లోరైడ్ ఎముకల సాంద్రతను మార్చేస్తది, స్కాన్‌ల కొన్నిసార్లు ఎక్కువ కూడా చూపిస్తది. అంటే గాలి ప్రభావం దాని కింద దాగిపోతది, లేకపోతే ఉల్టా కనిపిస్తది. కాబట్టి ఒక్కో మనిషి చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగిండు, బోరు నీళ్లా, బావి నీళ్లా, మిషన్ భగీరథ నల్లా ఎప్పుడొచ్చింది అని వరుసగ అడగాలె. ఇప్పుడు తాగే నీళ్ల శాంపిల్ ఒక్కటి తీసుకుంటే సరిపోదు, ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగుతున్నాయన నలభై ఏండ్లు బోరు నీళ్లు తాగి ఉంటడు. కీళ్లనొప్పులు, నడుం వంగుడు గురించి అడిగేటప్పుడు కూడా ఇదే సంగతి.

రెండోది వలస. పాలమూరు నుంచి బొంబాయి, పుణె, హైదరాబాద్‌లకు మట్టిపనికి, కాంక్రీట్ పనికి పోయినోళ్లు లేని ఊరు ఉండదు. ఇప్పుడు ఊర్ల ఉన్న యాభై ఏండ్ల మనిషి ఊపిరితిత్తులు కొలిచి ఈ ఊరి గాలితోని లెక్క కడితే ఏమైతది? ఆయన ఇరవై ఏండ్లు సిమెంట్ దుమ్ములనే బతికి వచ్చిండాయె. అడ్రస్ అడిగితే ఊరు పేరే చెప్తడు, ఓటు కూడా ఇక్కడనే. ఏ సీజన్‌ల ఎక్కడున్నవ్, ఏం పనిచేసినవ్ అని పండుగల గుర్తుతోని అడిగితే చెప్తరు, దసరాకి వచ్చి ఉగాది దాకా ఉన్నం అన్నట్టు. క్యాలెండర్ నెలలు అడిగితే చెప్పలేరు. ఇది బార్సిలోనా ప్రొఫెసర్‌కి ఎట్ల తెలుస్తది, మీరు రాస్తేనే కదా.

ఫీల్డ్ వర్క్ నిజంగ ఎట్లుంటది?

ఓపిక పని. పీఎం 2.5 సరిగ్గ కొలవాలంటే ఒక చిన్న గుండ్రటి ఫిల్టర్, రూపాయి బిళ్ల కంటే పెద్దది, దాన్ని టెంపరేచర్, తేమ కంట్రోల్‌ల ఉన్న గదిల కనీసం ఒక రోజు ఉంచి, గ్రాముల పది లక్షల వంతు చూపించే త్రాసు మీద తూచి, పంపుల పెట్టి, ఊర్ల 24 గంటలు నడిపి, మళ్లీ తెచ్చి మళ్లీ ఉంచి మళ్లీ తూచాలె. పెరిగిన బరువే దుమ్ము. గాలి ఆడించని ఖాళీ ఫిల్టర్లు కూడా కొన్ని అట్లనే ఊరు తిప్పి తేవాలె, దారిల పడ్డ దుమ్ము ఎంతో తెలిసేటందుకు.

ఆ పంపు సంచిల పెట్టి ఒక అమ్మకి వేసుకోమంటే వేసుకుంటది, పత్తి ఏరబోతది. నడుంకి పత్తి ఒడి కట్టుకుంటది కదా, భుజం మీద ఇంకో సంచి ఎట్ల మోస్తది? తీసి గెనం మీద తుమ్మచెట్టుకు తగిలేస్తది. మిషన్ మాత్రం బుర్రుమని నడుస్తనే ఉంటది, ఆ రోజు డేటా ఆమెది కాదు, తుమ్మచెట్టుది. అందుకే కదలికను పట్టే సెన్సర్ లోపల పెట్టాలె, చాయ్ ప్రాజెక్ట్‌ల అయితే ఒంటికి కెమెరా కూడా పెట్టి పొగ ఎప్పుడు ఎక్కడ తగుల్తుందో చూసిన్రు. రాత్రి సౌండ్‌కి నిద్ర పట్టదని ఆఫ్ చేసేటోళ్లూ ఉంటరు, వాళ్ల మీద కోపం చెయ్యొద్దు, పొద్దంత కైకిలి చేసి వచ్చిన మనిషికి నిద్ర ముఖ్యం.

గ్యాస్ ఉందా అని అడిగితే ఉందంటరు, ఉజ్వల సిలిండర్ మూలకు ఉంటది కూడా. పొద్దున చాయ్‌కి గ్యాస్, స్నానం నీళ్లకు, పశువుల కుడితికి కట్టెల పొయ్యి. "దేని మీద వండుతరు" అని ఒక్క ప్రశ్న అడిగి వస్తే సగం పొగ లెక్కల రాదు. నీళ్లు దేని మీద కాగబెడుతరు అని వేరేగ అడగాలె.

ఎకాలజీ దిక్కు మన దగ్గర ఏం చెయ్యొచ్చు?

చాలా ఉంది, చేసేటోళ్లే తక్కువ. నల్గొండ అంటే బత్తాయి కదా, క్రషర్ పక్కన ఉన్న తోటకి, ఐదు కిలోమీటర్ల దూరం తోటకి తేడా చూడున్రి. ఆకు తెంపి, పైన ఉన్న దుమ్ముని డిస్టిల్డ్ వాటర్‌ల మెత్తటి బ్రష్‌తోని కడిగి, ఆ నీళ్లు వడపోసి, ఎండబెట్టి తూచి, ఆకు వైశాల్యంతోని భాగిస్తే చదరపు సెంటీమీటర్‌కి దుమ్ము ఎంతో వస్తది. ఖర్చు తక్కువ, ఎమ్మెస్సీ పిల్లలు కూడా చెయ్యగలరు. దుమ్ము పత్రరంధ్రాలను మూస్తది, ఎండ లోపలికి పోనియ్యదు, సిమెంట్ దుమ్ము అయితే క్షారం కాబట్టి ఆకుని, మట్టిని రెండిటినీ మారుస్తది. ఏ చెట్టు తట్టుకుంటదో చెప్పడానికి ఏపీటీఐ అని ఒక సూచిక ఉంది, ఆస్కార్బిక్ యాసిడ్, క్లోరోఫిల్, ఆకు రసం పీహెచ్, ఆకుల నీటి శాతం, ఈ నాలుగు కలిపి లెక్కేస్తరు. కానీ ఒక్క ఏపీటీఐ టేబుల్ వేసి పేపర్ పంపేటోళ్లు మస్తుమంది ఉన్నరు, దానికే పోస్ట్‌డాక్ ఎవ్వరూ ఇయ్యరు. కాత ఎంత తగ్గింది, రైతుకి ఎంత నష్టం అనే దాకా పోవాలె.

నేనైతే ఓజోన్ మీద చేసేటోళ్లు రావాలె అంట. ఓజోన్ ఏ గొట్టం నుంచీ రాదు, బండ్ల పొగ, పరిశ్రమల ఆవిర్లు ఎండల కలిసి తయారైతది, ఎండ ముదిరేకొద్దీ పెరుగుతది. సరిగ్గ అదే సమయానికి సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి ఈనుతది. నీళ్లు పుష్కలంగ ఉన్న పైరు పత్రరంధ్రాలు తెరుచుకుని ఉంటది, ఓజోన్ లోపలికి పోయేది ఆ దారినే. ఎండిన చెల్క కంటే నీళ్లు పారిన మడికే దెబ్బ ఎక్కువ తగిలే అవకాశం ఉందన్నట్టు. ఆకు మీద మరక కనపడకుండనే దిగుబడి పోవచ్చు, రైతు ఎరువు చాలలేదనుకుంటడు. దీన్ని కాలువ కింద పొలాలల కొలిచి చూపిస్తే ఎంత ఉపయోగం!

పర్మిషన్లు ఏమేం కావాలె?

మనుషుల మీద అయితే సంస్థ ఎథిక్స్ కమిటీ తప్పనిసరి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చదవున్రి. విదేశీ డబ్బులో, విదేశీ భాగస్వామో ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కూడా కావాలె, దానికి నెలలు పడుతది, ప్లాన్‌ల ఆ టైమ్ పెట్టుకోవాలె. అమ్రాబాద్ లోపలికి అటవీ శాఖ పర్మిషన్ లేకుండ అడుగు పెట్టొద్దు, ఆకులు, మట్టి విదేశానికి పంపాలంటే జీవవైవిధ్య చట్టం అడ్డమొస్తది.

కాగితాల పర్మిషన్ వేరు, ఊరి పర్మిషన్ వేరు. ముందు సర్పంచ్, ఆశా అక్క, అంగన్‌వాడీ టీచర్‌ని కలవాలె. ఫ్లోరైడ్ ఊర్ల జనం చాలా ఏండ్ల సంది ఫోటోలు దిగి, రక్తం ఇచ్చి, ఎముకలు చూపించి అలసిపోయిన్రు. "మీరు కూడా రాసుకపోతరు, మాకేమొస్తది" అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న. ఎవరి బీపీ ఎంత, ఊపిరి ఎంత అని తెలుగుల రాసిన కాగితం అదే రోజు చేతికియ్యాలె, బీపీ ఎక్కువుంటే పీహెచ్‌సీకి చూపించాలె. స్టడీ అయినంక గ్రామసభల వచ్చి ఫలితం చెప్పాలె. ఇది బడ్జెట్‌ల ఒక లైనుగ ముందే పెట్టున్రి, లేకపోతే ఆఖరికి డబ్బుల్లేవని ఎగ్గొడతరు.

ఫ్యాక్టరీ వాళ్లు స్పాన్సర్ చేస్తమంటే తీసుకోవచ్చా?

ఎవరి పొగ కొలుస్తున్నమో వాళ్ల దగ్గరనే జీతం తీసుకుంటే ఊరోళ్లు నమ్మరు, నమ్మకపోతే డేటా రాదు. ఇంక తప్పదనుకుంటే ఫలితం ఏదొచ్చినా అచ్చేసే హక్కు మాదే అని కాగితం మీద రాయించుకోవాలె. నేనైతే వద్దనే చెప్తా.

ఏ స్కిల్స్ నేర్చుకుని పెట్టుకోవాలె?

లెక్కలకు ఆర్ లాంగ్వేజ్ గట్టిగ, మ్యాపులకు క్యూజీఐఎస్ పనికొచ్చేంత, రెండూ ఫ్రీ. టైమ్ సిరీస్, మిక్స్‌డ్ మోడల్స్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతులు అర్థమవ్వాలె. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌ల సాటిలైట్ డేటా తీసుడు ఇంట్ల కూర్చుని నేర్చుకోవచ్చు. 2017ల పైకి పంపిన సెంటినెల్-5పీ అనే సాటిలైట్ నుంచి 2018 సంది నైట్రోజన్ డయాక్సైడ్ డేటా అందరికీ దొరుకుతుంది, మీ మండలం మీద ఒకసారి గీసి చూసుకోండ్రి, పీహెచ్‌డీల చెయ్యకపోయినా అదొక్క మ్యాప్ మెయిల్‌కి జతచేస్తే చదివేటోళ్లు ఆగి చూస్తరు.

నాది తెలుగు మీడియం, ఇంటర్వ్యూ అంటే భయం.

ఇంటర్వ్యూల మీ ఇంగ్లీషు గ్రామర్ చూడరు, మీ పని మీరు చెప్పగలుగుతరా లేదా చూస్తరు. ఐదు నిమిషాల్ల నా ప్రశ్న ఏంది, ఎట్ల కొలుస్త, తప్పు ఎక్కడ రావొచ్చు అని చెప్పుడు దోస్తుల ముందు పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యున్రి. పైగా ఈ ఫీల్డ్‌ల "ఛాతీల పట్టేసినట్టుంటది", "ఆయాసం", "పిల్లికూతలు" అని జనం చెప్పేదాన్ని విని సరిగ్గ రాసుకునే మనిషి కావాలె, ఆ పని మీ అంత మంచిగ వేరేటోళ్లు చెయ్యలేరు.

పెండ్లయింది, చిన్న పాప ఉంది, ఫీల్డ్‌కి తిరగలేను. ఇంక ఈ దారి వదిలేసుడేనా?

వదిలెయ్యొద్దు చెల్లె. డేటా మోడలింగ్, పాత కోహోర్ట్ (ఏండ్ల తరబడి వెంబడించి చూసిన జనం గ్రూప్) డేటా విశ్లేషణ, సాటిలైట్ పని, ఇవన్నీ తిరుగుడు తక్కువ ఉన్నవే. ఆడవాళ్లకు వయసు సడలింపులు ఉన్నయి, చాలా ఫెలోషిప్‌లల ప్రసూతి సెలవు ఫెలోషిప్‌తో సహా ఇస్తరు, నోటిఫికేషన్‌ల ఆ పేరా వెతికి చదవున్రి. మధ్యల గ్యాప్ వచ్చినోళ్ల కోసం డీఎస్‌టీల వైజ్ అనే ప్రోగ్రామ్‌లు వేరేగ ఉన్నయి. హోస్ట్ సార్‌తోని ముందే సాఫ్‌గ మాట్లాడుకోవాలె, దాచిపెట్టి చేరితే తర్వాత ఇద్దరికీ ఇబ్బంది.

పోస్ట్‌డాక్ అయినంక ఏముంది?

యూనివర్సిటీల అసిస్టెంట్ ప్రొఫెసర్, ఐసీఎంఆర్, సీఎస్ఐఆర్ సైంటిస్ట్ పోస్టులు, కాలుష్య నియంత్రణ మండలి, పబ్లిక్ హెల్త్ సంస్థలు, వాతావరణ మోడలింగ్ కంపెనీలు. గవర్నమెంట్ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తయో ఎవ్వరూ చెప్పలేరు కాబట్టి ఒక్కదాని మీదనే కూర్చోవద్దు.

నేను ఇయ్యాల్నే మొదలుపెట్టాలంటే మొట్టమొదటి పని ఏంది?

చాయ్ ప్రాజెక్ట్ పేపర్ ఒకటి దించుకుని చదవున్రి, ఆఖర్ల పరిమితులు అని రాసిన పేరా రెండుసార్లు. తర్వాత మీ ఊరి నుంచి పది కిలోమీటర్ల లోపల పొగ, దుమ్ము వచ్చే చోట్లు అన్నీ ఒక కాగితం మీద గీయున్రి, గాలి ఏ కాలంల ఎటు నుంచి కొడుతదో ఊర్ల పెద్దమనుషులను అడిగి బాణం గుర్తు పెట్టున్రి, ఆ బాణం కింద ఏ ఊరు, ఏ బడి, ఏ తోట పడుతుందో చూసుకోండ్రి. ప్రపోజల్ మొదటి పేరా దాంట్ల నుంచే వస్తది.